నల్లజాతి నిరసన కవిత్వాన్ని చదవడం ఎలా? ఒక్క కవితతో మొదలుపెట్టేవారికి సమగ్ర మార్గదర్శి

నిరసన కవిత్వం చేతికి రాగానే మన దగ్గర ఒక పాత ప్రశ్న సిద్ధంగా ఉంటుంది: ఇది కవిత్వమా, నినాదమా? ఈ ప్రశ్న వేసేసి, కవిత లోపలికి వెళ్లకుండానే తీర్పు చెప్పేవాళ్లు చాలామంది. అమెరికా నల్లజాతి కవుల విషయంలో ఇది మరీ అన్యాయం. వాళ్లు ఎంచుకున్న ఛందస్సు, పంక్తి విరిచిన చోటు, ‘నేను’ అన్న మాట వెనక నిలబెట్టిన మనిషి, కవిత అచ్చయిన కాగితం, అన్నీ ఆ నిరసనలో భాగమే. వస్తువును మాత్రం తీసుకుని శిల్పాన్ని వదిలేస్తే మన చేతిలో మిగిలేది వార్త. ఆ వార్త మనకు ముందే తెలుసు.

ఇంగ్లీషు కవితను నిఘంటువు సాయంతోనైనా చదవగలిగి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయినవాళ్ల కోసం ఈ మార్గదర్శి. కావలసింది ఒక నోటుపుస్తకం, ఇంటర్నెట్టు. పొయెట్రీ ఫౌండేషన్, అకాడమీ ఆఫ్ అమెరికన్ పొయెట్స్ వెబ్‌సైట్లలో నేను ఇక్కడ చెప్పే కవితలు చాలావరకు ఉచితంగా దొరుకుతాయి. కొన్నిటిని కవుల గొంతులోనే వినవచ్చు కూడా.

మొదటి అడుగు: సంకలనం పక్కన పెట్టి ఒక్క కవిత తీసుకోండి

పెద్ద సంకలనంతో మొదలుపెడితే పేర్లు, ఉద్యమాలు, తేదీలు మీద పడి కవిత కనబడకుండా పోతుంది. గ్వెండొలిన్ బ్రూక్స్ రాసిన ‘వుయ్ రియల్ కూల్’ తీసుకోండి. 1959లో పత్రికలో వచ్చి, మరుసటి ఏడాది ఆమె పుస్తకంలో చేరింది. మొత్తం ఎనిమిది పంక్తులు, ఇరవై నాలుగు మాటలు. బడి మానేసి బిలియర్డ్స్ ఆడే చోట పొద్దు గడుపుతున్న ఏడుగురు కుర్రాళ్లు తమ గురించి తాము చెప్పుకుంటున్న మాటలవి.

ముందు అర్థం కోసం తడుముకోకండి. పైకి చదవండి. అచ్చులో పంక్తి ఎక్కడ విరిగిందో సరిగ్గా అక్కడే ఆగండి. ‘మేము’ అన్న మాట ప్రతి పంక్తి చివర వేలాడుతూ కనిపిస్తుంది, ఒక్క ఆఖరి పంక్తిలో తప్ప. ఆ మాటను మెల్లగా పలకాలని బ్రూక్సే చెప్పారు. ఆ కుర్రాళ్లకు తమ ఉనికి మీద తమకే నమ్మకం చాలక తడబడతారని, ఆ తడబాటు గొంతులో వినిపించాలని ఆమె ఉద్దేశం. ఆఖరి పంక్తికి వచ్చేసరికి ‘మేము’ లేదు. త్వరలో చచ్చిపోతామన్న రెండు మాటలు మాత్రం ఉన్నాయి. పంక్తుల చివర నిలుస్తూ వచ్చిన ఆ మాట మాయమవడమే మరణం.

రెండోసారి చదివేటప్పుడు పంక్తి విరుపులు పట్టించుకోకుండా మామూలు వాక్యాల్లా చదివి చూడండి. కుర్రాళ్ల ధీమా మిగులుతుంది, భయం పోతుంది. ఈ తేడా చెవికి పట్టిందంటే మీకు ఈ కవిత్వంలోకి దారి దొరికినట్టే. కవితలో ఎక్కడా జాతి అన్న మాట లేదు, ప్రభుత్వాన్ని తిట్టడం లేదు. కానీ ఆ ఊరు, ఆ ఆటగది, ఆ పిల్లల్ని అక్కడికి చేర్చిన లోకం అంతా ఆ విరుపులో ఉంది.

రెండో అడుగు: తేదీ రాసుకోండి, ఆ ఏడాది ఏం జరిగిందో వెతకండి

కవితకు చరిత్ర అవసరం లేదనేవాళ్లున్నారు. ఈ కవిత్వం విషయంలో నేను ఒప్పుకోను. నోటుపుస్తకంలో కవిత పేరు పక్కన మొదట అచ్చయిన సంవత్సరం రాయండి. ఆ కవిత వెనక ఏదైనా సంఘటన ఉంటే దాని తేదీ కూడా రాయండి. ఈ రెంటి మధ్య ఎంత దూరముందో చూడండి. కొన్ని కవితలు వారాల్లో పుడతాయి, కొన్ని ఏళ్లు తీసుకుంటాయి. కవి గొంతులో వేడి ఎంత, ఆలోచన ఎంత అన్నది ఆ దూరం చాలాసార్లు చెప్పేస్తుంది.

1919 వేసవిని అమెరికాలో ‘రెడ్ సమ్మర్’ అంటారు. మొదటి ప్రపంచయుద్ధం నుంచి నల్లజాతి సైనికులు తిరిగొచ్చిన ఏడాది. దేశమంతా నగరాల్లో, పల్లెల్లో తెల్లజాతి మూకలు నల్లజాతివాళ్ల మీద పడ్డాయి. జులై నెలాఖరులో ఒక్క షికాగోలోనే 38 మంది చనిపోయారు, వాళ్లలో 23 మంది నల్లవారు. జమైకాలో పుట్టి అమెరికా వచ్చిన క్లాడ్ మెకే అప్పుడు రైలు భోజనశాలలో వెయిటరుగా పనిచేస్తున్నాడు. ఆ జులైలోనే ‘ది లిబరేటర్’ పత్రికలో ఆయన ‘ఇఫ్ వుయ్ మస్ట్ డై’ అచ్చయింది. చావక తప్పకపోతే పందుల్లా తరిమి చంపించుకోవద్దు, తిరగబడి చద్దాం అంటుంది కవిత. ఊరూరా తిరిగే రైల్లో పనిచేస్తూ, దిగిన ప్రతి స్టేషనులోనూ ఏం ఎదురవుతుందో తెలియని మనిషి రాశాడని తెలిశాక, అందులోని ‘మనం’ ఎవరో మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇంకో తేదీ: 1963 సెప్టెంబరు 15, ఆదివారం. అలబామా రాష్ట్రం, బర్మింగ్‌హామ్ నగరం. పదహారో వీధి బాప్టిస్టు చర్చిలో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. ముగ్గురికి పద్నాలుగేళ్లు, ఒకరికి పదకొండు. దీని మీద డడ్లీ రాండాల్ ‘బ్యాలడ్ ఆఫ్ బర్మింగ్‌హామ్’ రాశాడు. కవితలో చిన్నారి తల్లిని అడుగుతుంది, ఊరేగింపులో నడవడానికి వెళ్లనా అని. వద్దంటుంది తల్లి. అక్కడ కుక్కలుంటాయి, లాఠీలుంటాయి, నీళ్ల గొట్టాలు, తుపాకులు ఉంటాయి. బదులుగా చర్చికి వెళ్లి పాడమంటుంది. పిల్లకు తల దువ్వి, స్నానం చేయించి, తెల్ల గ్లవ్స్, తెల్ల చెప్పులు తొడిగి పంపుతుంది. అదే ఏడాది మే నెలలో బర్మింగ్‌హామ్ వీధుల్లో ఊరేగింపు చేసిన పిల్లల మీదికి పోలీసులు నిజంగానే కుక్కలను వదిలారు, నీళ్ల గొట్టాలు తిప్పారు. తల్లి భయం కల్పితం కాదు. ఆ సంగతి తెలియకుండా చదివితే ఆమె అతి జాగ్రత్తపరురాలిగా కనిపిస్తుంది. తెలిసి చదివితే, బిడ్డను కాపాడుకోవడానికి ఆమె ముందు ఒక్క సరైన దారీ మిగలనీయలేదని అర్థమవుతుంది. కవిత చేసే నేరారోపణ అదే. రాండాల్ దాన్ని ఎక్కడా ఆరోపణగా రాయలేదు.

మూడో అడుగు: ‘నేను’ ఎవరో కనిపెట్టండి

అస్తిత్వ కవిత్వం అనగానే కవి తన కథ తాను చెప్పుకుంటున్నాడని అనుకుంటాం. ఈ అలవాటు ఇక్కడ చాలా దారి తప్పిస్తుంది. కవితలో ‘నేను’, ‘నువ్వు’, ‘మేము’ ఎక్కడొచ్చినా గీత గీయండి. పక్కన రాయండి: మాట్లాడుతున్నది ఎవరు, ఎవరితో, ఆ మాట చాటుగా వింటున్నది ఎవరు.

లాంగ్‌స్టన్ హ్యూస్ ‘ది నీగ్రో స్పీక్స్ ఆఫ్ రివర్స్’ 1921లో ‘ది క్రైసిస్’ పత్రికలో వచ్చింది. తండ్రిని చూడటానికి మెక్సికో వెళ్తూ, రైలు మిసిసిపీ నది దాటుతుండగా రాసిన కవిత అది. అప్పటికి ఆయన ఇరవై కూడా దాటని కుర్రాడు. కానీ కవితలోని ‘నేను’ యూఫ్రటీస్‌లో స్నానం చేసింది, కాంగో ఒడ్డున గుడిసె వేసుకుంది, నైలు పక్కన పిరమిడ్లు లేపింది. కుర్రవాడి నోట వేల ఏళ్ల జాతి మాట్లాడుతోంది. బానిసత్వంతోనే నల్లజాతి చరిత్ర మొదలైందని బడి పాఠాలు చెప్పే కాలంలో, నాగరికతల నదులను వరసగా పేర్కొనడం ఎంత పెద్ద దావానో ఆలోచించండి. న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో, నల్లజాతి చరిత్ర గ్రంథాలయమైన షాంబర్గ్ కేంద్రంలో, ఈ కవిత స్ఫూర్తితో నేల మీద తీర్చిన నదుల చిత్రం కింద ఆయన చితాభస్మం ఉంది.

దీనికి పూర్తిగా భిన్నమైన ‘నేను’ కావాలంటే మళ్లీ బ్రూక్స్ దగ్గరికే రావాలి. 1955 ఆగస్టులో, షికాగో నుంచి మిసిసిపీలోని బంధువుల ఇంటికి వెళ్లిన పద్నాలుగేళ్ల ఎమ్మెట్ టిల్‌ను, ఒక తెల్లజాతి స్త్రీతో అనుచితంగా ప్రవర్తించాడన్న నెపంతో చంపేశారు. అందరూ తెల్లవారే ఉన్న జ్యూరీ గంటకు కాస్త అటూఇటూగా చర్చించి నిందితులను వదిలేసింది. కొడుకు ముఖాన్ని లోకం చూడాలని తల్లి మేమీ టిల్ శవపేటిక మూత తెరిచి ఉంచింది. ఎవరు రాసినా ఆ తల్లి వైపు నుంచే రాస్తారని మనం అనుకుంటాం. బ్రూక్స్ తన పెద్ద కవితను ఆ తెల్లజాతి స్త్రీ వంటింట్లో మొదలుపెట్టింది. ఆమె పొయ్యి మీద మాంసం మాడిపోతోంది. జరిగిందంతా చిన్నప్పుడు చదువుకున్న గాథలా ఆమె ఊహించుకుంటోంది: తానొక పాలరంగు కన్య, వెంటపడ్డ నల్ల దుర్మార్గుడు, కాపాడిన రాకుమారుడు. కానీ దుర్మార్గుడు పసివాడైపోయేసరికి కథ అతకడం లేదు. భోజనాల దగ్గర భర్త తన బిడ్డనే చెంపమీద కొడతాడు. ఆ చేతులు ఏం చేశాయో ఆమెకు అప్పుడు ఒంటికి తెలుస్తుంది. శత్రువు ఇంట్లోకి వెళ్లి, అక్కడ ద్వేషం ఎలా కాపురం చేస్తుందో చూపించడానికి ఎంత నిబ్బరం కావాలి! నిరసన కవిత్వం ఒకే గొంతులో అరుస్తుందనేవాళ్ల ముందు నేను ఎప్పుడూ ఈ కవితే పెడతాను. పుస్తకంలో దీని వెంటనే ఎమ్మెట్ తల్లి మీద చాలా చిన్న కవిత ఒకటుంది. రెండూ కలిపే చదవాలి. ఒకరికి పేజీలకు పేజీలు, ఇంకొకరికి కొన్ని పంక్తులు. కొడుకు పోయిన తల్లి గురించి అంతకంటే మాట్లాడటం సాధ్యం కాదన్నట్టుగా ఉంటుంది.

క్లాడియా రాంకిన్ 2014లో తెచ్చిన ‘సిటిజన్’లో ‘నేను’ను పక్కన పెట్టి ‘నువ్వు’ వాడింది. విమానంలో పక్క సీటు, డాక్టరు ఇంటి గుమ్మం, దుకాణంలో వరుస, ఇలాంటి చోట్ల ఎదురయ్యే చిన్న చిన్న అవమానాలు అన్నీ ‘నీకు’ జరుగుతాయి. పాఠకుడు ఏ జాతివాడైనా ఆ కుర్చీలో కూర్చోక తప్పదు. పోలీసుల చేతుల్లో, జాతిద్వేషానికి చనిపోయినవారి పేర్ల పేజీ ఒకటి ఆ పుస్తకంలో ఉంది. కొత్త ముద్రణలు వచ్చేకొద్దీ అందులో పేర్లు పెరుగుతూ వచ్చాయి.

నాలుగో అడుగు: రూపం ఎందుకు ఎంచుకున్నారో అడగండి

ఇక్కడ తొందరపడకండి. మొత్తం మార్గదర్శిలో ఒక్క అడుగుకే సమయం ఉందంటే దీనికే ఇవ్వండి.

పద్యమా వచన కవితా అన్నది మన దగ్గరా పెద్ద చర్చే. పద్యం పాతది, వచన కవిత తిరుగుబాటు అని మనకొక స్థిరపడిన అభిప్రాయం ఉంది. నల్లజాతి కవిత్వంలో ఈ లెక్క కుదరదు. ‘ఇఫ్ వుయ్ మస్ట్ డై’ పక్కా షేక్‌స్పియర్ సానెట్: పద్నాలుగు పంక్తులు, ఆఖరి రెండింటికీ జంట ప్రాస. ఎలిజబెత్ రాణి కాలపు ప్రేమకవుల రూపం అది. మనుషులను వేటాడుతున్న రోజుల్లో మెకే ఆ రూపాన్ని ఎందుకు పట్టుకున్నాడు? నా సమాధానం ఇది: మీరు అత్యున్నతమనుకునే రూపంలోనే మీ అనాగరికతను మీకు చూపిస్తానన్నాడు. పైగా అంత బిగుతైన ఛందస్సు లోపల కోపం వదులుకాదు. వచనంలో రాసి ఉంటే ఆ కోపం చెదిరిపోయేదని నా నమ్మకం. మీకు వేరే సమాధానం తోచవచ్చు. ప్రశ్న వేసుకోవడం మాత్రం మానకండి.

పాల్ లారెన్స్ డన్‌బార్ ‘వుయ్ వేర్ ది మాస్క్’ (1895) చూడండి. బానిసత్వం నుంచి బయటపడ్డ తల్లిదండ్రుల కొడుకు, ఒహాయోలో లిఫ్టు నడిపి బతికినవాడు. ఆయన ఎంచుకున్నది రాండో అనే ఫ్రెంచి రూపం. తిరిగి తిరిగి ఒకే మాట దగ్గరికి వచ్చే అలంకారప్రాయమైన రూపమది. నవ్వుతున్న ముసుగు వేసుకుని లోకం ముందు నిలబడటం గురించి చెప్పే కవితకు, నవ్వుతున్నట్టుండే రూపమే ముసుగైంది.

రాండాల్ బర్మింగ్‌హామ్ కోసం బ్యాలడ్ తీసుకున్నాడు. బ్యాలడ్ అంటే కథ చెప్పే పాట: నాలుగేసి పంక్తుల చరణాలు, రెండో పంక్తికీ నాలుగో పంక్తికీ ప్రాస, మధ్యమధ్య సంభాషణలు. చిన్నపిల్లలకు కూడా నోటికొచ్చేంత తేలిక లయ. ఆ లయ మీకు నోటికొచ్చేలోపే బాంబు పేలుతుంది.

హ్యూస్ నల్లజాతివాళ్ల జానపద గానమైన బ్లూస్ పాట నుంచి చరణం తీసుకున్నాడు. బ్లూస్‌లో మొదటి మాట చెప్పి, దాన్నే కొద్ది మార్పుతో మళ్లీ చెప్పి, మూడోసారి జవాబు చెబుతారు. ఆ మళ్లీ చెప్పడంలో పాడేవాడు ఊపిరి పీల్చుకుంటాడు, వినేవాడు తలూపుతాడు. సంగీతం తెలిసినవాళ్లు హ్యూస్ 1926 నాటి ‘ది వియరీ బ్లూస్’ చదివేటప్పుడు చేత్తో తాళం వేసి చూడండి.

రూపం వారసత్వంగా ఎలా చేతులు మారుతుందో చూడాలంటే టెరెన్స్ హేస్ ‘ది గోల్డెన్ షావెల్’ చదవండి. బ్రూక్స్ కుర్రాళ్లు ఆడే చోటు పేరే దీని పేరు. ఇందులో పంక్తుల చివరి మాటలను పైనుంచి కిందికి చదివితే ‘వుయ్ రియల్ కూల్’ మొత్తం వస్తుంది. ఇప్పుడు ‘గోల్డెన్ షావెల్’ ఎంతోమంది కవులు రాసే ఒక రూపంగా స్థిరపడింది. పెద్దకవికి నమస్కారం పెట్టడానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు.

ఐదో అడుగు: ఏ భాషలో రాశారో, అందులో గాయం ఎక్కడుందో చూడండి

డన్‌బార్ రెండు భాషల్లో రాశాడు: ప్రామాణికమైన ఇంగ్లీషు, దక్షిణాది నల్లవారి మాండలికం. 1896లో విలియం డీన్ హోవెల్స్ అనే పేరున్న విమర్శకుడు ఆయన్ని మెచ్చుకుంటూ రాసిన సమీక్షతో దేశమంతా పేరొచ్చింది. అయితే మెప్పు ఎక్కువగా మాండలిక కవితలకే దక్కింది. పత్రికలు, పాఠకులు అవే కావాలన్నారు. తాను ప్రాణం పెట్టి రాసిన మిగతా కవిత్వం వెనకబడిపోయిందన్న బాధ ఆయన్ని వదల్లేదు. ముప్పై మూడేళ్లకే చనిపోయాడు. మాండలికం తనంతట తానుగా స్వేచ్ఛ కాదు, ప్రామాణిక భాష తనంతట తానుగా లొంగుబాటు కాదు. ఎవరు కోరితే రాశారు, ఎవరు చదువుతారని రాశారు అన్నదాన్ని బట్టి అది మారుతుంది. బ్రూక్స్ కుర్రాళ్లు క్రియలు వదిలేసి మాట్లాడే వీధి ఇంగ్లీషులో అలాంటి ఒత్తిడి ఏదీ లేదు.

ఈ కవిత్వంలో జాతిదూషణ మాటలు వస్తాయి. కౌంటే కలెన్ ‘ఇన్సిడెంట్’ (1925)లో ఎనిమిదేళ్ల పిల్లవాడు బాల్టిమోర్ వెళ్తాడు. తనంతే ఉన్న ఒక తెల్లజాతి పిల్లవాడిని చూసి నవ్వుతాడు. వాడు నాలుక చాచి ఆ మాట అంటాడు. మే నుంచి డిసెంబరు దాకా ఆ ఊళ్లో ఉన్నా, గుర్తున్నది అదొక్కటే. పన్నెండు పంక్తుల ఆటపాటలాంటి కవిత అది. ఒక్కరే చదువుకునేటప్పుడు ఆ మాటను దాటేయకండి, అది తగిలేలా రాసిందే. నలుగురిలో పైకి చదివేటప్పుడు మాత్రం ఆ మాట దగ్గర ఆగి, పలకకుండా ముందుకు వెళ్లడం మంచిదని నా అభిప్రాయం. ఆ నిశ్శబ్దం అందరికీ తెలుస్తుంది. అది మనకు తగలని తిట్టు కాబట్టి దాన్ని సులువుగా నోటికి తెచ్చుకునే హక్కు మనకు లేదు.

ఆరో అడుగు: చెప్పకుండా వదిలేసినదాన్ని వెతకండి

కవిత చదవడం అయ్యాక నోటుపుస్తకంలో ఇలా రాయండి: ఈ సంఘటన మీద వార్తాపత్రిక రాస్తే తప్పక ఉండే విషయాల్లో ఇక్కడ లేనివి ఏవి? ఈ జాబితా మీకు చాలా నేర్పుతుంది. మెకే కవితలో జాతి ప్రస్తావన లేదు. ఆ కారణంగానే అణచివేతను ఎదిరించే ఎవరైనా దాన్ని తమ నోట పలకగలిగారు.

2014 జులైలో న్యూయార్క్‌లో పోలీసు మెడ బిగించి పట్టుకోవడంతో ఊపిరాడక ఎరిక్ గార్నర్ చనిపోయాడు. ఆ దృశ్యం వీడియోలో ప్రపంచమంతా చూసింది. రాస్ గే తన ‘ఎ స్మాల్ నీడ్‌ఫుల్ ఫ్యాక్ట్’లో ఆ దృశ్యాన్ని తాకనే లేదు. గార్నర్ కొంతకాలం నగర ఉద్యానవనాల శాఖలో మొక్కల పని చేశాడన్న ఒక్క నిజాన్ని పట్టుకున్నాడు. బహుశా తన పెద్ద చేతులతో కొన్ని మొక్కలు నాటి ఉంటాడు, అవి ఇంకా పెరుగుతూ ఉండవచ్చు, వాటివల్ల మనం ఊపిరి పీల్చుకోవడం తేలికవుతోంది. అంతే, ఒకే ఒక్క వాక్యం. చావును వందసార్లు తెర మీద చూపిన లోకానికి కవి ఆ మనిషి బతుకును చూపించాడు. కవిత నిండా ‘బహుశా’ లాంటి మాటలున్నాయి. తెలిసినంతవరకే చెబుతానన్న నిజాయితీ అది. నన్ను అడిగితే ఈ శతాబ్దపు నిరసన కవితల్లో మొదటి వరసలో పెడతాను.

ఏడో అడుగు: ఎవరు అచ్చువేశారు, ఎవరు ఆపారు?

ఇది చాలామంది వదిలేసే అడుగు. 1761లో పశ్చిమాఫ్రికా నుంచి బానిస ఓడలో బోస్టన్‌కు తెచ్చిన చిన్నపిల్లకు, ఆ ఓడ పేరే పెట్టారు: ఫిలిస్. ఆమెను కొన్న వీట్లీ కుటుంబం పేరు ఇంటిపేరైంది. 1773లో ఆమె కవితల పుస్తకం లండన్‌లో వెలువడింది. ఇవి నిజంగా ఈమె రాసినవేనని బోస్టన్‌లోని పద్దెనిమిది మంది ప్రముఖులు సంతకాలు చేసిన పత్రం పుస్తకంలో వేయవలసి వచ్చింది. సంతకం చేసినవాళ్లలో గవర్నరు కూడా ఉన్నాడు. ఆమె పద్యాలు మరీ మర్యాదగా, మరీ భక్తిగా ఉన్నాయని ఇప్పటి పాఠకులు కొందరు విసుక్కుంటారు. ఆ సంతకాల పేజీ చూశాక మళ్లీ చదవండి. ఆఫ్రికా నుంచి తనను తేవడం గురించి ఆమె రాసిన ఎనిమిది పంక్తుల పద్యంలో, చివర క్రైస్తవులను నిలబెట్టి, నల్లవారూ దైవసన్నిధికి చేరగలరని గుర్తుంచుకోమని చెబుతుంది. బానిసగా ఉన్న అమ్మాయి యజమానులకు ఆజ్ఞ ఇస్తున్న వాక్యం అది.

‘స్ట్రేంజ్ ఫ్రూట్’ను బిల్లీ హాలిడే పాటగానే అందరూ ఎరుగుదురు. మూకహత్యల మీద ఆ మాటలు రాసింది ఎబెల్ మీరోపోల్ అనే న్యూయార్క్ బడి ఉపాధ్యాయుడు. 1937లో ‘బిటర్ ఫ్రూట్’ అన్న శీర్షికతో ఉపాధ్యాయ సంఘం పత్రికలో కవితగా వచ్చింది. 1939లో హాలిడే రికార్డు చేద్దామంటే ఆమె పాటలు వేసే కొలంబియా కంపెనీ ఒప్పుకోలేదు. కొమొడోర్ అనే చిన్న సంస్థ వేసింది. రాండాల్ అయితే తన బ్యాలడ్‌ను ఒకే కాగితం మీద కరపత్రంలా అచ్చువేసి, 1965లో డెట్రాయిట్‌లో బ్రాడ్‌సైడ్ ప్రెస్ మొదలుపెట్టాడు. 1950లోనే పులిట్జర్ బహుమతి అందుకున్న తొలి నల్లజాతి రచయిత బ్రూక్స్. అంతటి ఆమె, తర్వాత పెద్ద ప్రచురణ సంస్థను వదిలి ఈ చిన్న ప్రెస్‌కు తన పుస్తకాలిచ్చింది.

ఎనిమిదో అడుగు: వాళ్లలో వాళ్ల వాదనలు వినండి

నల్లజాతి కవులందరూ ఒకే మాట మీద ఉన్నారనుకుంటే ఈ కవిత్వం చదునుగా కనిపిస్తుంది. కవిగా ఉండాలనుంది కానీ నల్లజాతి కవిగా కాదు అన్న ఒక యువకవి మాటను పట్టుకుని, ఆ కోరిక వెనక తెల్లవాడు కావాలన్న ఆశ దాగుందని హ్యూస్ 1926లో ‘ది నేషన్’ పత్రికలో రాశాడు. నలభై ఏళ్ల తర్వాత, 1966లో ఫిస్క్ విశ్వవిద్యాలయంలో జరిగిన సభలో యువకవులు రాబర్ట్ హేడెన్‌ను నిలదీశారు. ముందు కవిని, తర్వాతే నల్లవాణ్ణి అన్నది ఆయన వైఖరి. బానిస ఓడల మీద ‘మిడిల్ ప్యాసేజ్’ లాంటి కవిత రాసినవాడినే జాతి ద్రోహిలా చూశారు. నేను ఈ తగాదాలో హేడెన్ పక్షం కాదు, కానీ ఆయన కవిత్వం ఆయన మాటకంటే పెద్దదని నమ్ముతాను.

స్త్రీలు వేసిన ప్రశ్నలు ఇంకా లోతైనవి. ఆడ్రీ లార్డ్ తనను నల్లజాతి స్త్రీగా, లెస్బియన్‌గా, తల్లిగా, యోధురాలిగా, కవిగా ఒకే ఊపిరిలో పరిచయం చేసుకునేది. ఒక్క గుర్తింపే చెప్పమంటే ఒప్పుకునేది కాదు. జూన్ జోర్డన్ 1980లో రాసిన ‘పొయెమ్ అబౌట్ మై రైట్స్’లో, రాత్రిపూట ఒంటరిగా నడవలేని స్త్రీ భయం నుంచి బయల్దేరి దక్షిణాఫ్రికా, నమీబియా, అంగోలాల దాకా వెళ్తుంది. దేహాన్ని ఆక్రమించడం, దేశాన్ని ఆక్రమించడం ఒకే వాక్యంలోకి వస్తాయి.

మొదట అడిగిన నినాదమా కవిత్వమా అన్న ప్రశ్నకు లార్డ్ రాసిన ‘పవర్’ దగ్గరికి వెళ్లండి. 1973లో న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో పదేళ్ల క్లిఫర్డ్ గ్లోవర్‌ను పోలీసు కాల్చి చంపాడు. మరుసటి ఏడాది పదకొండు మంది తెల్లజాతి పురుషులు, ఒక నల్లజాతి స్త్రీ ఉన్న జ్యూరీ ఆ పోలీసును నిర్దోషి అంది. కారు నడుపుతూ రేడియోలో ఆ తీర్పు విని, పక్కకు ఆపి లార్డ్ రాయడం మొదలుపెట్టింది. కవిత మొదటి పంక్తులే కవిత్వానికీ వాగాడంబరానికీ తేడా చెబుతాయి: నీ పిల్లలకు బదులు నిన్ను నువ్వు చంపుకోవడానికి సిద్ధపడటమే ఆ తేడా అంటుంది. ఆ తర్వాత తనలోని కోపం ఎవరిని కాలుస్తుందోనన్న భయాన్ని దాచకుండా బయటపెడుతుంది. మనం విమర్శకుల బల్ల దగ్గర కూర్చుని వేసే ప్రశ్నను, ఆమె బిడ్డల్ని కన్న తల్లిగా రోడ్డు పక్కన వేసుకుంది.

తొమ్మిదో అడుగు: మీ అనుభవాన్ని చివర్లో తీసుకురండి

మనకు కులం తెలుసు కాబట్టి జాతి గురించి చదువుతుంటే చప్పున పోలిక తడుతుంది. ఆ పోలికకు చరిత్ర ఉంది కూడా. 1972లో బొంబాయిలో పుట్టిన దళిత్ పాంథర్స్ తమ పేరును అమెరికాలోని నల్లజాతి ఉద్యమ సంస్థ బ్లాక్ పాంథర్స్ నుంచే తీసుకున్నారు. అయినా మొదటి చదువులోనే పోలికకు దిగకండి. కవితలో ఉన్న మనిషి తన మాట పూర్తి చేయనివ్వండి. పైన చెప్పిన ఎనిమిది అడుగులు అయ్యాక, ఒక పేజీలో రాయండి: ఎక్కడ నా అనుభవానికి దగ్గరగా వచ్చింది, ఎక్కడ రాలేదు. రానిచోటే ఎక్కువ రాయండి. మీరు కొత్తగా నేర్చుకున్నది అక్కడే ఉంటుంది.

పదో అడుగు: జంటలుగా చదవండి

ఒక కవిత పట్టుబడ్డాక రెండోది దాని పక్కన పెట్టి చదవండి. డన్‌బార్ ముసుగు పక్కన మెకే సానెట్: ఇరవై నాలుగేళ్ల తేడాలో ముసుగు ఎలా తీశారో కనిపిస్తుంది. కలెన్ ‘ఇన్సిడెంట్’ పక్కన రాంకిన్ ‘సిటిజన్’లో కొన్ని పేజీలు: చిన్న అవమానం ఎంతకాలం ఒంట్లో ఉంటుందో రెండూ చెబుతాయి, ఒకటి పాటలా, ఒకటి వచనంలో. రాండాల్ బ్యాలడ్ పక్కన రాస్ గే: ఒకటి చావు దాకా నడిపిస్తుంది, ఇంకొకటి చావు చుట్టూ తిరిగి బతుకు వైపు వస్తుంది. హ్యూస్ నదుల పక్కన లూసిల్ క్లిఫ్టన్ 1993 నాటి ‘వోంట్ యూ సెలబ్రేట్ విత్ మీ’. హ్యూస్ ‘నేను’కు వేల ఏళ్ల వంశవృక్షం ఉంటే, క్లిఫ్టన్ ‘నేను’కు ముందు నడిచిన నమూనా ఎవరూ లేరు, తనను తానే తయారుచేసుకుంది. రెండూ నల్లజాతి అస్తిత్వ కవితలే, ఒకదానితో ఒకటి ఒప్పుకోవు.

వారానికి ఒక జంట చాలు. వీలైతే ఇద్దరు ముగ్గురు కలిసి చదవండి, ఒకరు పైకి చదువుతుంటే మిగిలినవాళ్లు కాగితం చూడకుండా వినండి. చదివాక పది నిమిషాలు ఎవరూ అభిప్రాయం చెప్పకూడదు, విన్న పంక్తుల్లో గుర్తున్నవి మాత్రం చెప్పాలి. ఎవరికి ఏ పంక్తి మిగిలిందో రాసుకుని, ఆ పంక్తి ఎందుకు మిగిలిందన్న చోటి నుంచి చర్చ మొదలుపెట్టండి.